ఇంజిన్ విప్పకముందే తెలిసేది చాలా ఉంది

సంపాదకులకు,

అయ్యా,

పన్నెండు, పదమూడేళ్ల కారు పొగ వదిలినా, వేడెక్కి ఆగినా గ్యారేజీలో వినిపించే మొదటి మాట, "ఇంజిన్ ఇప్పితే గానీ చెప్పలేం సార్". ఇది సగమే నిజం. విప్పాక బండి ముక్కలై షెడ్డులో పడి ఉంటుంది, అప్పుడు ఎంతంటే అంతకు తలూపాల్సిందే.

ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలవమనండి. ఇంజిన్ వేడి మీద ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు, కరెంటు అందకుండా చేసి, యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి సెల్ఫ్ కొడితే గేజీ చెబుతుంది. చాలా పెట్రోలు ఇంజిన్లలో 150 నుంచి 180 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దాకా ఉంటుంది. అంతకన్నా చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. 170, 165, 110, 168 వచ్చాయనుకోండి. మూడోదాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా లేస్తే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగింది. లేవకపోతే వాల్వు మీదో, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్ కింద వేసే పలక) మీదో అనుమానం. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే ముందు హెడ్ గ్యాస్కెట్‌నే చూడాలి. డీజిల్‌కు ఈ గేజీ చాలదు, ఎక్కువ ప్రెషర్‌ది వేరే ఉంటుంది.

నీలం పొగ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపే వస్తే చాలావరకు వాల్వుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీళ్లే. దానికి బోరు పని (సిలిండర్లు కోయించి పెద్ద పిస్టన్లు వేయడం) చేయించుకుంటే డబ్బు దండగ.

గ్యాస్కెట్ పని సాధారణంగా చేయించుకోదగ్గదే. హెడ్ మీద స్కేలు పెట్టి ఫీలర్ గేజీతో (సందు కొలిచే పలుచని రేకులు) చూడాలి. చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటర్లు దాటి వంగితే లేత్ షాపులో ఫేసింగ్ (చదును చేయించడం) తప్పదు. సాగే రకం హెడ్ బోల్టులైతే పాతవి మళ్లీ బిగించకూడదు. అసలు గ్యాస్కెట్ ఎందుకు కాలిందో కూడా తేలాలి. మన జిల్లాలో తీరం పొడుగునా బోరుబావి నీళ్లు ఉప్పు, మెట్టలో సున్నం. అవే రేడియేటర్లో పోస్తూ పోతే గొట్టాలు పూడుకుపోతాయి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకి పారేసే వైద్యం ఒకటి! రేడియేటర్ బాగుచేయకుండా హెడ్ కట్టడం వృథా. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోస్తే చాలు.

సిలిండర్ బోరు పనికొస్తే లెక్క మారుతుంది. 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు, అవసరమైతే క్రాంక్ గ్రైండింగ్, గేర్‌బాక్స్ ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ కూడా. మొత్తం బిల్లు బాగైన బండి ధరలో సగం దాటితే మేమైతే వద్దంటాం. 15 ఏళ్లు నిండితే బండిని తనిఖీకి చూపి ఐదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగించుకోవాలన్నదీ లెక్కలో వేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు బండి పైకి లేపి అడుగు చూడండి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించిన చోటు తుప్పు తింటాయి. స్క్రూడ్రైవర్ పొడిస్తే దిగిపోయే బండికి కొత్త ఇంజిన్ పెట్టినా లాభం లేదు.

పాత ఇంజిన్ కొని మార్చేవాళ్లు ముందు ఆర్‌టీఓ అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఆ ఇంజిన్ ఏ బండిదో కాగితం లేకపోతే ముట్టుకోవద్దు.

గ్యారేజీల వాళ్లకు ఒకటే విన్నపం: కంప్రెషన్ అంకెలు ఎస్టిమేట్ కాగితం మీద రాసివ్వండి, తీసిన పాత సామాన్లు బండి యజమానికి చూపించండి.

ఇట్లు,
కొందరు మోటారు మెకానిక్కులు,
కావలి, నెల్లూరు జిల్లా