బండ బరువు రాయని వార్తతో ఏ జత గెలుస్తుందో ఎలా చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి మొదలు శ్రీరామనవమి దాకా మన జిల్లాల్లో ఏదో ఒక ఊళ్ళో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతూనే ఉంటాయి. కాడికి కట్టిన రాతిబండను బరిలో ఆ చివరికీ ఈ చివరికీ లాగుతూ, పెట్టిన నిమిషాల్లో ఎక్కువ దూరం వెళ్ళిన జతదే గెలుపు. ముందురోజు మీ జిల్లా పేజీలో వచ్చే వార్తలో మొదటి బహుమతి ఎంతో, దాత ఎవరో, జెండా ఊపే నాయకుడు ఎవరో ఉంటుంది. బండ బరువు ఉండదు, బరి పొడవు ఉండదు, ఎన్ని నిమిషాలు లాగాలో ఉండదు. మర్నాడు మాత్రం ఫలానా జత 3,600 అడుగులు లాగి ప్రథమ స్థానంలో నిలిచిందని వేస్తారు. ఆ 3,600 గొప్పదో కాదో చదివినవాళ్ళకు తెలిసే దారి లేదు.

మలక్‌పేటలో గుర్రప్పందేలు ఉన్నరోజు చూడండి. ఏ గుర్రం ఎంత బరువు మోస్తుంది, ఎక్కే జాకీ ఎవరు, తయారుచేసింది ఎవరు, ఏ నంబరు గేటు నుంచి బయల్దేరుతుంది, కిందటి పరుగుల్లో ఎక్కడ నిలిచింది, ఇవన్నీ ముందే అచ్చవుతాయి. చివర్లో ఫలానా గుర్రానికి అవకాశం ఎక్కువని, ఎందుకో చెబుతూ ఒక అంచనా ఉంటుంది. ఆ పద్ధతి మన గిత్తలకు ఎందుకు ఉండకూడదు? బ్రెజిల్‌లో ఇదే జాతిని మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలుస్తూ, నమోదైన పశువులకు వంశావళి రాసిపెట్టుకుంటున్నారు. పుట్టిన గడ్డ మీద లాగిన దూరానికైనా సరైన లెక్క రాయాలని మా కోరిక.

ముందు దూరం సంగతి. ఒక జత 300 అడుగుల బరిని 40 సెకన్లలో లాగుతుందనుకుందాం. చివరికి వెళ్ళాక మళ్ళించి మళ్ళీ కదిలించడానికి 10 సెకన్లు. అంటే ఒక రౌండుకు 50 సెకన్లు, పది నిమిషాల్లో 12 రౌండ్లు, 3,600 అడుగులు. అదే జతను, అదే బండతో, 200 అడుగుల బరిలో తోలితే ఏమవుతుంది? లాగడానికి 27 సెకన్ల లోపే చాలు గానీ మళ్ళింపులు పెరుగుతాయి. పది నిమిషాలు అయ్యేసరికి 16 రౌండ్లు దాటి మరో వంద అడుగులు, మొత్తం 3,300 దగ్గర ఆగుతుంది. ఎద్దులు అవే, సత్తువ అదే, మూడొందల అడుగులు తేడా. బరి పొడవు రాయకుండా ఒక ఊరి రికార్డును ఇంకో ఊరి రికార్డుతో పోల్చడం అందుకే కుదరదు.

మళ్ళింపు ఇంకో రకంగానూ లెక్కలోకి వస్తుంది. మొదటి జత కంటే జోరుగా, 300 అడుగులను 36 సెకన్లలో లాగే జత ఉందనుకోండి. చూసేవాళ్ళంతా దానిదే గెలుపనుకుంటారు. కానీ మళ్ళించేటప్పుడు ఒక గిత్త అడ్డం తిరిగి, గొలుసు కాలికి తగిలి, 18 సెకన్లు పోతున్నాయి. రౌండుకు 54 సెకన్లు. పదకొండు రౌండ్లకే 594 సెకన్లు అయిపోతాయి. మిగిలిన ఆరు సెకన్లలో 50 అడుగులు. మొత్తం 3,350. నిదానంగా లాగి నేర్పుగా మళ్ళిన జత చేతిలో 250 అడుగుల తేడాతో ఓడిపోయింది. కాబట్టి అంచనా రాసేవాళ్ళు స్టాప్‌వాచీ పట్టుకుని బరి మధ్యలో కాక, చివర మలుపు దగ్గర నిలబడాలి.

ఇక బండ. మామూలు గ్రానైట్ ఘనపుటడుగుకు దాదాపు 76 కిలోలు తూగుతుంది. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర మందం ఉన్న బండ పదిహేను ఘనపుటడుగులు, అంటే 1,140 కిలోలు. అదే కొలతల్లో చీమకుర్తి నల్లరాయి తెప్పిస్తే ఘనపుటడుగు 80 కిలోలు దాటుతుంది, బండ పన్నెండు క్వింటాళ్ళ పైమాటే. కంటికి రెండూ ఒకటే, కాడి మీద అర క్వింటాలు పైనే తేడా. పోటీకి ముందు బండను ఒక్కసారి వేబ్రిడ్జి ఎక్కించి, ఆ చీటీ నిర్వాహకుల చేతిలో ఉంచితే చాలు. బరువొక్కటే కాదు, అడుగుభాగం కూడా చూడాలి. ఏళ్ళ తరబడి లాగిన బండ కింద అరిగి నున్నగా ఉంటుంది, జారుతుంది. కొత్తగా చెక్కించిన బండ నేలను గీరుకుంటూ పోతుంది. తక్కువ బరువున్నా కొత్త బండే ఎక్కువ మొండికేయవచ్చు.

నేల అందరికీ తెలిసిందే అయినా ఎవరూ రాయరు. ఒంగోలు చుట్టుపక్కల రేగడి మీద దుమ్ము లేవకుండా నీళ్ళు ఎక్కువ చల్లితే బండ అడుగు అతుక్కుంటుంది, ఆగిన బండను కదిలించడమే గగనమవుతుంది. పొదిలి, కనిగిరి వైపు ఎర్రనేల గట్టిపడితే బండ బాగానే కదులుతుంది గానీ గిట్టలకు పట్టు దొరకదు, పైన గులకరాళ్ళుంటే అరికాలు నొచ్చుకుంటుంది. సముద్రం వైపు ఇసుకలో గిట్ట దిగబడుతుంది, బండ ముందు ఇసుక కుప్పగా పేరుకుంటుంది. పొడుగు కాళ్ళ తేలిక జత గట్టి నేల మీద రాణిస్తే, పొట్టిగా బరువుగా ఉన్న జత మెత్తటి నేలలో నిలదొక్కుకుంటుంది. ఆ జత కిందటిసారి ఏ నేల మీద లాగిందో ఒక్క మాట రాయండి.

పళ్ళను బట్టి చేసే విభాగాల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. పశువుకు ముందుపళ్ళు కింది దవడకే ఎనిమిది. సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు మధ్య జత పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు వస్తాయి. తర్వాత ఒక్కో జతా వస్తూ, ఎనిమిదీ నిండేసరికి నాలుగున్నర, ఐదేళ్ళు పడుతుంది. రెండు పళ్ళ విభాగంలో నిలబడిన రెండు గిత్తల్లో ఒకటి నిన్నగాక మొన్న పళ్ళు వేసింది కావచ్చు, ఇంకొకటి నాలుగు పళ్ళకు నెలరోజుల దూరంలో ఉండవచ్చు. ఆ వయసులో కొన్ని నెలల తేడా అంటే మెడలో, తొడలో కండ తేడా. పళ్ళు చూసేటప్పుడు ఎన్ని అని లెక్కబెట్టి వదిలేయకుండా, పక్క పాలపన్ను కదులుతోందా, చిగురు ఉబ్బిందా చూడండి. విభాగం దాటబోయే గిత్తలున్న జత మీదే మొగ్గు చూపవచ్చు. ఒక్క షరతు, ఆ వారమే పన్ను ఊడితే మేత సరిగా నమలలేక గిత్త నీరసపడుతుంది.

జత కుదరడం అన్నిటికంటే పెద్ద విషయం, వార్తల్లో అసలు కనిపించనిదీ ఇదే. ఒకే కొట్టంలో పెరిగి ఒకే కాడి కింద నేర్చిన జత వేరు, ఇద్దరు రైతులు చెరొక గిత్తను తెచ్చి కట్టే కంబైండ్ జత వేరు. ఎలపట (కుడివైపు) నేర్చినదాన్ని దాపట (ఎడమవైపు) కడితే, ఎంత బలమున్నా మొదటి రౌండ్లలో లోపలికి ఒరుగుతుంది, మలుపులో తడబడుతుంది. ఎత్తు సమానంగా లేకపోతే కాడి ఒకవైపు వాలి, పొట్టిదాని మెడ మీద రాపిడి పడుతుంది. బలంలో తేడా ఉంటే గొలుసు కొక్కేన్ని జరిపి సర్దుతారు. రెండు మెడల మధ్య దూరం 48 అంగుళాలైతే కొక్కెం నడిమధ్యన చెరి 24 అంగుళాల దగ్గర ఉంటుంది. దాన్ని బలమైన ఎద్దు వైపు రెండంగుళాలు జరిపితే ఒక పక్క 22, ఇంకో పక్క 26. అప్పుడు బలమైనది నూటికి 54 పాళ్ళు, రెండోది 46 పాళ్ళు లాగుతుంది. కాడి కట్టేటప్పుడు కొక్కెం ఎక్కడుందో చూస్తే, ఆ జతలో ఏది ఎక్కువ ఏది తక్కువ అని రైతు స్వయంగా అనుకుంటున్నాడో మీకు తెలిసిపోతుంది. కొక్కెం బాగా పక్కకు జరిగిన జత మొదటి ఐదు నిమిషాలు మెరిపించినా చివర్లో తగ్గుతుంది, ఎందుకంటే అలసట అంతా ఒక్కదాని మీదే పడుతుంది.

పొద్దున్నే కట్టేసిన చోటికి వెళ్ళి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ముట్టె మీద చెమట బిందువులు నిలిచి చల్లగా ఉండాలి. నెమరు వేస్తూ ఉండాలి. మూపురానికి ముందు కాడి ఆనే చోట వాపు గానీ, పచ్చి పుండు గానీ ఉంటే ఆ జత పదినిమిషాలూ మెడ ఆనించి లాగదు. గిట్టల చీలిక మధ్య వాసన, పుండు ఉన్నాయేమో వంగి చూడాలి. గాలికుంటు వచ్చి తగ్గిన ఎద్దుల్లో కొన్నిటికి ఎండ తట్టుకునే శక్తి పోతుంది, కాస్త నడిస్తేనే వగరుస్తాయి. చూడటానికి నిగనిగలాడుతూనే ఉంటాయి, పదకొండు గంటల ఎండలో మూడో రౌండుకే నాలుక బయటపెడతాయి. ఆ వ్యాధి వచ్చిపోయిందా అని రైతును నేరుగా అడగండి. లారీలో రాత్రంతా నిలబడి తెల్లవారి దిగిన జతకూ, ముందురోజే వచ్చి పడుకుని నెమరేసిన జతకూ తేడా ఉంటుంది. బలం వస్తుందని ఆ పూట ఉలవలు మామూలు కంటే ఎక్కువ పెట్టడం తెలిసినవాళ్ళే చేసే పొరపాటు. దాణా ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులుపెక్కి, పొట్ట ఉబ్బి, ఎద్దు అడుగు ముందుకేయదు. ఎడమ డొక్క బిగిసి ఉంటే ఆ జతను మీ అంచనాలోంచి తీసేయండి.

చీటీల్లో వచ్చిన వరుస కూడా గుర్రాల గేటు నంబరంత ముఖ్యం. మార్చి, ఏప్రిల్‌లో ఉదయం ఎనిమిదికి లాగే జతకూ, మిట్టమధ్యాహ్నం లాగే జతకూ ఒకే కొలత పెట్టలేం. వరుస తెలిసేది ఆ పొద్దునే అయితే, అంచనాలో ‘ఉదయం వస్తే ఈ జత, మధ్యాహ్నం వస్తే ఆ జత’ అని రాయవచ్చు.

ఇవన్నీ కలిపితే అంచనా ఎలా ఉండాలో చిన్న నమూనా. ఆరు పళ్ళ విభాగం, 300 అడుగుల బరి, తడి ఆరిన రేగడి, పది నిమిషాలు. మొదటి జత ఒకే కొట్టంలో పెరిగింది, కిందటి పోటీలో మొదటి ఐదు నిమిషాల్లో ఆరు రౌండ్లు, తర్వాత ఐదు నిమిషాల్లోనూ ఆరు. రెండో జత కంబైండ్, మొదటి సగంలో ఏడు, రెండో సగంలో నాలుగున్నర. మూడో జత బరువైనది, ఇసుక నేల మీద గెలిచింది, మలుపులో నిదానం. మా మొగ్గు మొదటి జతకు. రెండోదానికి ఉదయం చల్లటి వేళ వరుస వచ్చి, ఎలపట గిత్తను మళ్ళించడం కుదిరితేనే పోటీ. రాత్రి వాన పడి నేల మెత్తబడితే మాత్రం మూడో జతను ముందుకు తేవాలి. ఇంతే. ఏడు వాక్యాల్లో చదివేవాడికి ఏం చూడాలో తెలుస్తుంది. దీనికి కావలసింది మీ విలేకరి రౌండ్లను మొదటి సగం, రెండో సగం అని విడిగా రాసుకోవడం ఒక్కటే.

ఇలా రాస్తే పందేలు కాసేవాళ్ళకు ఊతమిచ్చినట్లవుతుందని కొందరంటారు. దొంగచాటుగా డబ్బు కాసేవాళ్ళకు ఈ వివరాలు ఇప్పటికే తెలుసు, తెలియనిది గట్టు మీద నిలబడి చూసే రైతుకు. వివరం అందరి చేతికీ వస్తే గిత్త పళ్ళ లెక్క దాచడం, బండ మార్చడం కష్టమవుతుంది.

ఎద్దుకూ ఇది మేలే. ఇప్పుడు గెలుపంటే చివరి నిమిషంలో చర్నాకోల ఎంత ఆడిందన్నట్టుగా ఉంది. తోక మెలిపెట్టడం, ముల్లుకర్రతో పొడవడం మన కళ్ళ ముందే జరుగుతున్నాయి. కొట్టి లాగించిన జత మొదటి సగంలో ఎగసి రెండో సగంలో కూలుతుంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన అచ్చయితే ఎవరు జతను తయారుచేశారో, ఎవరు కొట్టి నెట్టుకొచ్చారో ఊరంతా చూస్తుంది. మంచి జతను కొనడానికి వచ్చే రైతు ఆ అంకెలే అడుగుతాడు.

కొలత గురించి ఒక్క మాట. ఆఖరి రౌండు మధ్యలో విజిల్ పడ్డప్పుడు టేపు పెట్టేది బండ ముందు అంచుకా, వెనక అంచుకా? ఐదడుగుల బండకు ఐదడుగుల తేడా. అంగుళాల మీద స్థానాలు మారే పోటీలో గొడవలు మొదలయ్యేది ఇక్కడే. ఏ అంచో పోటీకి ముందే మైకులో చెప్పించి, అదే మాట వార్తలో రాయండి.

ఈసారి ఏ ఊరి కమిటీ అయినా మీ కార్యాలయానికి కరపత్రం తెచ్చి ఇచ్చినప్పుడు, దాతల పేర్లు రాసుకునే ముందు వాళ్ళను నాలుగు అడగండి: బండ ఎన్ని క్వింటాళ్ళు, బరి ఎన్ని అడుగులు, ఎన్ని నిమిషాలు, నేల ఏది. చెప్పలేకపోతే కనుక్కుని రమ్మనండి. వార్త మర్నాడు వేసినా ఫరవాలేదు.

ఇట్లు,
బండలాగుడు పోటీల అభిమానులు,
ఒంగోలు