క్వినోవా చిరుధాన్యం కాదు

సంపాదకులకు,

అయ్యా,

పది రోజుల కిందట మీ విశాఖ అనుబంధంలో క్వినోవా అనే విదేశీ గింజ పంట గురించి అరపేజీ వ్యాసం వేశారు. ‘చిరుధాన్యాల మహారాణి’ అని శీర్షిక, పక్కన దోసిట్లో గింజలు పట్టుకుని నిలబడ్డ అధికారుల ఫొటో. ఈపాటికి సవరణ వేస్తారనుకున్నాను. వేయలేదు.

తప్పు శీర్షికలోనే మొదలైంది. చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు గడ్డి జాతి పంటలు. క్వినోవాది తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌ల కుటుంబం. మన చేలల్లో మొలిచే చక్రవర్తికూర దానికి దగ్గరి చుట్టం. లేత వయసులో రెండూ ఎంత ఒకేలా ఉంటాయంటే కలుపు తీసేవాళ్లు పంటనే పీకేయగలరు. అందుకే వరుసల్లో విత్తమంటారు. పేరుదేముంది అనుకోవద్దు. చిరుధాన్యమని చదివిన రైతు చోళ్లతో పాటే తొలకరికి చల్లుతాడు. మీ వ్యాసం కూడా ‘ఏజెన్సీ మెట్టకు ఖరీఫ్‌లో అనువైనది’ అనే రాసింది. పాడేరు, అరకు వైపు జూలై, ఆగస్టు వానల్లో ఈ పంట వేస్తే ఏమవుతుందో రాసినవారు ఎవరినైనా అడిగారా? వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మొక్క పసుపెక్కి గిడసబారిపోతుంది. చెమ్మ ఆరకపోతే ఆకుల మీద పసుపు మచ్చలు, అడుగున బూజు. పండిన గింజకు నిద్రావస్థ దాదాపు ఉండదు కాబట్టి కోతవేళ వాన పడితే కంకిలోనే మొలకెత్తుతుంది.

ఇక్కడ వేస్తే రబీలోనే వేయాలి. అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మధ్యలోపు, తుపాను వాన వెలిశాక, బోదెల మీద విత్తాలి. గింజ ఆవగింజంత. సెంటీమీటరు, మహా అయితే రెండు సెంటీమీటర్ల లోతు చాలు. అంతకంటే లోతుగా పడినా, పైన మట్టి పెచ్చు కట్టినా మొలక బయటికి రాదు. ఆలస్యమైతే పూత ఎండల్లో పడుతుంది. 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని కంకి తాలుపోతుంది. ఇందులో ఒక్క ముక్కా వ్యాసంలో లేదు.

చేదు సంగతి మరీ అన్యాయం. ‘శాస్త్రవేత్తలు జన్యుమార్పిడితో చేదు తొలగించారు’ అని రాశారు. అది అబద్ధం. సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన బృందం 2017లో ఈ పంట జన్యుక్రమాన్ని ప్రచురించింది. 36 క్రోమోజోములు, 44,776 జన్యువులు. గింజ పైపొరలో చేదునిచ్చే సపోనిన్ తయారీని నడిపించే జన్యువును కూడా ఆ బృందమే గుర్తించింది. కుంకుడుకాయ నురగకూ సపోనిన్‌లే కారణం. తీపి రకాల్లో, అంటే చేదు లేనివాటిలో, ఆ జన్యువు సహజంగానే చెడి ఉంది, దాని ప్రోటీను మధ్యలోనే తెగిపోతుంది. ఎవరూ ఏ జన్యువునూ తెచ్చి చొప్పించలేదు.

రైతుకు దీనితో పనేమిటంటారా? చేదు గుణానిదే పైచేయి. పక్క చేలో చేదు రకం ఉంటే కొన్ని పూలు దాని పుప్పొడితో కలుస్తాయి. అయినా ఆ ఏడు గింజ తియ్యగానే ఉంటుంది, ఎందుకంటే చేదుండే పైపొర తల్లి మొక్కది. అదే గింజను విత్తనంగా దాచుకుంటే మరుసటి పంటలో చేదు బయటపడుతుంది. మోసపోయానని రైతు విత్తనాలమ్మినవాణ్ని తిడతాడు. పైగా తీపి రకానికి పిట్టల బెడద ఎక్కువ, కావలి ఖర్చు లెక్కేసుకోవాలి. ఈ మాటలు చెప్పకుండా విత్తన సంచులు పంచి ఫొటోలు దిగే అధికారులను ఏమనాలి? నగరంలో ఒక స్టాల్లో అమ్ముతున్న పొట్లం మీద రకం పేరు లేదు, కడగాలన్న మాట లేదు, పండించిన జిల్లా లేదు. ధర మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

వండుకునేవారి కోసం ఇదైనా అచ్చువేయండి. చిన్న గాజు సీసాలో చెంచాడు గింజలు, నాలుగు చెంచాల నీళ్లు పోసి అర నిమిషం గట్టిగా కుదపండి. అయిదు నిమిషాల తర్వాత కూడా నురగ నిలిచి ఉంటే చేదు పోలేదన్నమాట. సన్న జల్లెడలో వేసి, అరచేతులతో రుద్దుతూ నురగ తేలడం ఆగేదాకా నీళ్లు మార్చాలి. కప్పుకు రెండు కప్పుల నీళ్లు, పావుగంట సన్నమంట, దించాక అయిదు నిమిషాలు మూత. ఉడికిన గింజ చుట్టూ తెల్లని దారంలా విడివడేది మొలక భాగం. పురుగనుకుని పారబోయకండి.

‘మాంసాన్ని మించిన మాంసకృత్తులు’ అన్నారు. వంద గ్రాముల పచ్చి గింజల్లో ఉండేది 14 గ్రాములు. ఉడికి నీరు పీల్చాక వంద గ్రాములకు నాలుగున్నర గ్రాములకు మించదు. మాంసకృత్తుల్లో భాగమైన లైసిన్ బియ్యంలో కంటే మెరుగ్గా ఉంటుంది, గోధుమలో ఉండే గ్లూటెన్ ఉండదు. ఆ రెండూ నిజమైన గొప్పలే. కానీ వంద గ్రాముల పచ్చి గింజల్లో పిండిపదార్థం 64 గ్రాములు. ‘షుగరున్నవాళ్లు ఎంతైనా తినొచ్చు’ అని రాయడం ప్రమాదం. కాల్షియం 47 మిల్లీగ్రాములు, మన చోళ్లలో 340 పైమాటే. చోళ్లకూ క్రోమోజోములు 36, వాటి జన్యుక్రమమూ 2017లోనే బెంగళూరు శాస్త్రవేత్తలు ప్రచురించారు. విజయనగరం పరిశోధన కేంద్రం చోడి రకాలను వరసగా విడుదల చేస్తూ వచ్చింది. ఆ పంటకు మీ అనుబంధంలో అరపేజీ ఎప్పుడు దొరుకుతుంది?

క్వినోవా వద్దనడం లేదు. ఉప్పు తట్టుకునే గుణం ఉంది కనుక మన తీరంలోని చౌడు నేలల్లో రబీకి చిన్న మడుల్లో వేసి చూడదగ్గదే. ఆ పని పరిశోధన కేంద్రాలు చేసి, దిగుబడి లెక్కలు బయటపెట్టాక రైతుకు చెప్పాలి. ఈలోగా ఖరీఫ్‌లో వేయొచ్చన్న వాక్యాన్నీ షుగరు వాక్యాన్నీ సవరిస్తూ, వ్యాసం వచ్చిన పేజీలోనే అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. తొలకరికి ముందే వేయండి.

— ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం