బడి టైములో సైకిళ్లకి కాస్త దారి వదలండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది విజయనగరం దాసన్నపేట. చదువు కోసం రెండేళ్లు నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ అనే ఊర్లో ఉండి ఈమధ్యే ఇంటికొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఒక విషయం మనసులో తొలుస్తా ఉంది, మీ పేపర్లో వస్తే మున్సిపాలిటీ వాళ్లూ ట్రాఫిక్ పోలీసులూ చూస్తారని రాస్తున్నాను.

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. దానికి సైకిల్ ఉంది, వరండాలో గోడకి ఆనించి ఉంది, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు. ఎందుకే తొక్కవు అంటే "అమ్మ ఒద్దంటంది పిన్నీ, లారీలొస్తాయంట" అంది. అక్కని అడిగితే "గంటస్తంభం కాడ ఆ రద్దీలో గుంటనెలాగ ఒదిలీమంటావే" అంది. అక్క అన్నది తప్పని నేను అనలేను, ఎందుకంటే యూట్రెక్ట్‌లో మొదటి నెల నేనూ అంతే భయపడ్డాను.

చిన్నప్పుడు నేను ఈ రోడ్ల మీదే సైకిల్ మీద బడికెళ్లినదాన్ని, కాబట్టి అక్కడికెళ్లాక సెకండ్ హ్యాండ్‌లో ఒక సైకిల్ కొనుక్కుని ధైర్యంగానే ఎక్కాను. మొదటి సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది, బ్రేక్ కోసం వేళ్లు చాపితే హ్యాండిల్ కింద పట్టుకోడానికి ఏమీ లేదు! కాళ్లు నేలకి ఈడ్చి ఎలాగో ఆపాను. పక్కన ఆగిన పెద్దాయన తన పెడల్ వెనక్కి తొక్కి చూపించాడు, అలా తొక్కితే వెనక చక్రం పట్టేస్తుంది, అదే బ్రేక్. మన కాళ్లకేమో ఊరికే పెడల్ వెనక్కి తిప్పడం అలవాటు కదా, ఆ అలవాటు పోడానికే వారం పట్టింది. పైగా అక్కడ అందరూ కుడివైపు నడపాలి, రోడ్డు దాటేటప్పుడు ముందు చూడాల్సింది ఎడమకి, నా మెడ మాత్రం కుడికే తిరిగేది. తిరగబోయే ముందు భుజం మీంచి వెనక్కి చూడాలి, తర్వాత చెయ్యి చాపాలి, అప్పుడే తిరగాలి. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి, ముందు తెల్ల లైటు వెనక ఎర్ర లైటు లేకపోతే పోలీసులు ఫైన్ వేస్తారు. ఎదురుగాలి అయితే మరీ, భోగాపురం బీచ్ గాలి రోజూ మొహం మీద కొడుతున్నట్టే.

నెల తిరిగేసరికి భయం పోయింది. ఎందుకు పోయిందా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను, నా ధైర్యం వల్ల కాదు, రోడ్డు వల్ల. పెద్ద రోడ్ల పక్కన సైకిళ్లకి ఎర్ర తారు వేసి వేరే దారి ఉంటుంది, దాంట్లో కార్లు నిలబెట్టరు. జంక్షన్ల దగ్గర రోడ్డు మీద రంపం పళ్లలాగ తెల్ల త్రికోణాలు వేస్తారు, మొన ఎవరివైపు ఉంటే వాళ్లు ఆగి అవతలివాళ్లకి దారివ్వాలి, అది కారైనా సరే సైకిలైనా సరే. పదకొండు పన్నెండేళ్ల పిల్లలకి చాలా స్కూళ్లలో సైకిల్ మీద రోడ్డు పరీక్ష పెడతారు. రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే స్టాండు ఉంది, 2019లో పూర్తిగా తెరిచారు, మొదటి 24 గంటలు డబ్బులు తీసుకోరు.

వాళ్ల సంగతి వేరు, డబ్బున్న దేశం అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను, కానీ అక్కడ కూడా ఒకప్పుడు కార్లే రోడ్లన్నీ ఆక్రమించాయంట. 1971 ఒక్క ఏడాదిలోనే 3,000 మందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు అమ్మానాన్నలు "పిల్లల్ని చంపడం ఆపండి" అని రోడ్ల మీదకొచ్చి కూర్చున్నారు. తర్వాత 1973లో పెట్రోలు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేశారు, ఖాళీ రోడ్లు ఎలా ఉంటాయో జనం చూశారు. అడిగితేనే వచ్చింది వాళ్లకి కూడా.

మరి మనం ఎర్ర తారు రోడ్లు అడగట్లేదు. మూడు లాంతర్ల జంక్షన్ నుంచి గంటస్తంభం దాకా బడి మొదలయ్యే ముందు ఒక గంట, వదిలాక ఒక గంట, ఎడమ అంచున బళ్లు పార్కింగ్ చెయ్యకుండా, లోడు దించకుండా చూడండి చాలు. పిల్లలు రోడ్డు మధ్యలోకి రావాల్సొస్తున్నది ఆ నిలబెట్టిన బళ్లని తప్పించుకోడానికే. ఒక తెల్ల గీత, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటే అయిపోయే పని, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజున అన్ని లక్షల మందికి దారి చెయ్యగలిగిన ఊరు మనది. షాపుల వాళ్లకి కష్టమే, ఒప్పుకుంటాను, అందుకే రోజంతా అడగట్లేదు.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి అక్క కూతుర్ని అయ్యకోనేరు గట్టుకి తీసుకెళ్తున్నాను, వెనక్కి చూడ్డం, చెయ్యి చాపడం నేర్పుతున్నాను, మొన్న వంకర పోకుండా తిన్నగా తొక్కింది. సోమవారం మళ్లీ ఆటోలోనే బడికెళ్లింది, సైకిల్ వరండాలోనే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దాసన్నపేట, విజయనగరం