గ్రేడు రాయని బిల్లు, మార్చని ఫిల్టర్: మీ పాత బండ్ల సర్వీస్ ప్యాకేజీపై ఫిర్యాదు

అనంతపురం

కస్టమర్ ఫిర్యాదుల విభాగం మేనేజర్ గారికి,

విషయం: 1,82,000 కి.మీ. తిరిగిన డీజిల్ బండికి పడని ఆయిల్ పోసి, మార్చని ఎయిర్ ఫిల్టర్‌కు బిల్లు వేసిన మీ అనంతపురం సెంటర్ గురించి. డబ్బు వాపసు గురించి.

అయ్యా,

లక్ష కిలోమీటర్లు దాటిన బండ్లకు ప్రత్యేకం అంటూ మీ కంపెనీ ఊరంతా బోర్డులు పెట్టిన ప్యాకేజీ కింద, పోయిన నెల నా బండిని మీ సెంటర్‌లో సర్వీసుకు ఇచ్చాను. రూ. 8,640 కట్టాను. బిల్లు నకలు జత చేశాను, మొదటి వరస ఒకసారి చూడండి. 'ఇంజిన్ ఆయిల్, ఓల్డ్ వెహికల్ స్పెషల్, 7 లీటర్లు' అని ఉంది. గ్రేడు లేదు, ఏ డీజిల్ ప్రమాణానికి సరిపోతుందో లేదు, కంపెనీ పేరు కూడా లేదు. మందుల షాపువాడు కూడా 'జ్వరం మాత్రలు, పది' అని బిల్లు ఇవ్వడు.

ముందు బండి సంగతి. 2017 చివర్లో తయారైన ఏడు సీట్ల డీజిల్ బండి, పొగ ప్రమాణం బీఎస్-4, టర్బో ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనర్ సర్వీస్ పుస్తకం ఇవ్వలేదు కాబట్టి ఇంతకుముందు ఏ ఆయిల్ పోశారో, ఎన్నాళ్లకు మార్చారో తెలిసే దారి లేదు. అలాంటి బండికి ఒకసారి అన్ని ఫిల్టర్లూ మార్చి, మాన్యువల్లో చెప్పిన ఆయిల్ పోసి, తక్కువ కిలోమీటర్లకే మళ్లీ మార్చి లోపలి మడ్డిని బయటికి పంపాలన్నది నా ఆలోచన. నాది చీనీకాయల వ్యాపారం. నార్పల, పుట్లూరు వైపు తోటల్లోకి మట్టిబాటల్లోనే పోవాలి. కాయ దిగే రోజుల్లో లారీ వెనకాల వెళ్తే ముందు అద్దంలో దుమ్ము తప్ప ఇంకేమీ కనబడదు. ఇదంతా మీ సర్వీస్ అడ్వైజర్‌కు చెప్పాను. బండి ఆయిల్ తాగడం లేదని, నీలంపొగ లేదని, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కింద చెమ్మ కూడా లేదని చూపించాను. మాన్యువల్ పేజీ తెరిచి ఆయన చేతికిచ్చాను. చిక్కదనం గ్రేడు 15డబ్ల్యూ-40, ఆయిల్ నాణ్యతకు అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ఇచ్చే గుర్తు సీఐ-4 లేదా అంతకన్నా పైది అని అందులో స్పష్టంగా ఉంది.

ఆయన పేజీ వైపు చూడనైనా చూడలేదు. "లక్ష దాటిన బండ్లన్నిటికీ ఇదేన్నా. పాత ఇంజిన్‌కు చిక్కగా ఉండాల" అన్నాడు. పోసిన డబ్బా చూపించమని గట్టిగా అడిగితే చివరికి చూపించాడు. ఫోటో తీసుకున్నాను, అదీ జత చేశాను. 20డబ్ల్యూ-50, ఏపీఐ ఎస్‌ఎల్, సీఎఫ్.

పాత బండికి చిక్కటి ఆయిల్ అనే మాట పూర్తిగా తప్పని నేను అనను. పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ తాగుతున్న బండికి ఒక మెట్టు చిక్కటిది వేసి కొన్నాళ్లు లాగించడం షెడ్లలో అందరూ చేసేదే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. అనంతపురం చలికి 15 అయినా 20 అయినా పెద్ద తేడా లేదు, దాని మీద నాకు గొడవ లేదు. తర్వాతి అంకె ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనం. అక్కడ 40 చెప్పిన ఇంజిన్‌లో, ఏ జబ్బూ లేకుండా, 50 ఎందుకు పోశారో మీరు చెప్పాలి.

అసలు తప్పు అంకెల్లో కన్నా అక్షరాల్లో ఉంది. ఏపీఐ గుర్తుల్లో 'ఎస్' వరస పెట్రోల్ ఇంజిన్లకు, 'సీ' వరస డీజిల్‌కు. ఆ డబ్బా మీద డీజిల్‌కు రాసిన సీఎఫ్ 1994 నాటిది, ఇప్పుడు చెల్లుబాటులో కూడా లేదు. మా మాన్యువల్ అడిగిన సీఐ-4 వచ్చింది 2002లో. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ ఉన్న డీజిల్ ఇంజిన్ల కోసం దాన్ని తెచ్చారు. అలాంటి ఇంజిన్‌లో మసి ఎక్కువగా ఆయిల్‌లో కలుస్తుంది. ఆ మసిని ముద్దకట్టనీయకుండా, ఆయిల్‌లోనే తేలుస్తూ ఫిల్టర్ దాకా, డ్రైన్ నట్టు దాకా మోసుకురావడం మంచి డీజిల్ ఆయిల్ చేసే పని. నా బండిలో ఈజీఆర్ ఉంది, టర్బో ఉంది. టర్బో బేరింగులు బతికేదే శుభ్రమైన ఆయిల్ మీద. రీడింగ్ పెరిగే కొద్దీ ఆయిల్ విషయంలో జాగ్రత్త పెరగాలి గానీ, పాతదే కదా అని పెట్రోల్ బండ్ల డబ్బా వంచేస్తారా?

ఇంకో మాట. ఇది నా ఒక్కడి బండి సంగతి కాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. మసి అయితే వేడికి కాలిపోతుంది, ఆయిల్‌లోని రసాయనాలు మిగిల్చే బూడిద కాలదు, డీపీఎఫ్‌లోనే పేరుకుంటుంది. 2020లో కొన్న ట్యాక్సీలు ఇప్పటికే లక్ష దాటేశాయి. మీ బోర్డు ప్రకారం వాటికీ ఇదే డబ్బానా? ఆ డ్రైవర్లకు డీపీఎఫ్ మార్చే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఇక ఫిల్టర్లు. సర్వీసు తర్వాత రోజూ పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ పైభాగం నుంచి గరగరమని చప్పుడు మొదలైంది. ఆయిల్ లైటు కూడా ముందుకన్నా ఆలస్యంగా ఆరుతోంది. మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే "పాత బండి కదా సార్, కామన్" అన్నారు. బళ్లారి రోడ్డులో నాకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లి, రాత్రంతా బండి అక్కడే ఉంచాను. పొద్దున స్టార్ట్ చేయకుండానే షెడ్డు మెకానిక్ భాయ్ నా ముందే ఆయిల్ ఫిల్టర్ విప్పాడు. మా ఇంజిన్‌కు ఫిల్టర్ పక్కకు పడుకోబెట్టినట్టు బిగుస్తుంది. ఇంజిన్ ఆగాక అందులోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా లోపల ఒక రబ్బరు వాల్వు పట్టి ఉంచాలి. భాయ్ ఫిల్టర్‌ను ట్రేలో బోర్లించాడు. అడుగు తడిసేంత ఆయిల్ కూడా పడలేదు. గోటితో నొక్కి చూస్తే ఆ రబ్బరు వంగడం లేదు. అంటే ప్రతి పొద్దునా ఫిల్టర్ మళ్లీ నిండేదాకా ఇంజిన్ పైభాగం, టర్బో ఆయిల్ కోసం ఎదురుచూస్తున్నాయన్నమాట. ఫిల్టర్‌లో ఇంకో వాల్వు కూడా ఉంటుంది. ఆయిల్ కాగితంలోంచి దూరలేకపోతే అది తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే లోపలికి వదులుతుంది. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే అది అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. నాసిరకం ఫిల్టర్, చిక్కటి ఆయిల్, రెండూ కలిపి మీరే ఇచ్చారు.

వీటికన్నా నాకు కోపం తెప్పించింది ఎయిర్ ఫిల్టర్. బిల్లులో 'ఎయిర్ ఫిల్టర్, కొత్తది, రూ. 780' అని ఉంది. బండి కొన్నప్పుడు నేనే కొత్త ఫిల్టర్ వేయించి, దాని రబ్బరు అంచు మీద మార్కర్‌తో తేదీ రాసుకున్నాను. భాయ్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఆ తేదీ, నా చేతిరాత, అలాగే ఉన్నాయి. గాలి కొట్టి మళ్లీ అదే పెట్టారు. అది కూడా సరిగ్గా పెట్టలేదు. మూత క్లిప్పు ఒకటి పట్టలేదు, ఒక మూల రబ్బరు మడతపడి ఉంది. ఫిల్టర్ దాటిన తర్వాత టర్బో వైపు పోయే పైపులో వేలు పెట్టి తిప్పితే ఎర్రమట్టి అంటుకుంది. ఫోటో చూడండి. మట్టిబాటల దుమ్ములో ఉండేది ఇసుకే. అది లోపలికి పోతే పిస్టన్ రింగులను, సిలిండర్ బోరును రాపిడి పెట్టి అరగదీస్తుంది. ఆపైన ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా అరిగింది తిరిగి రాదు. గట్టిగా గాలి కొడితే ఫిల్టర్ కాగితం చిరిగి, దుమ్ము మరింత సులువుగా దూరుతుందని మీ మెకానిక్‌లకు ఎవరూ చెప్పలేదా?

డీజిల్ ఫిల్టర్ మార్చారు, దాంట్లో నాకు పేచీ లేదు.

లీటర్ల లెక్క చూద్దాం. ఫిల్టర్‌తో సహా ఈ ఇంజిన్‌కు పట్టేది 6 లీటర్లని మాన్యువల్ చెబుతోంది. మీరు 7 లీటర్లకు బిల్లు వేశారు. బండి ఇంటికి తెచ్చిన రోజే డిప్‌స్టిక్ చూశాను, సరిగ్గా పై గీత దగ్గరే ఉంది. ఏడు లీటర్లూ పోసి ఉంటే గీత దాటాలి. గీత దగ్గరే ఉందంటే ఒక లీటరు మీ దగ్గరే ఉంది. పైగా అద్దం మీద 'తర్వాతి సర్వీసు 15,000 కి.మీ. తర్వాత' అని స్టిక్కర్ ఒకటి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి గడువు తగ్గించాలని మాన్యువల్ చెబుతుంటే, చరిత్ర తెలియని పాత ఇంజిన్‌కు, ఈ ఆయిల్‌తో, 15,000 అట!

"ఇంజిన్‌కు ఏమీ కాలేదు కదా సార్" అని మీ ఏరియా మేనేజర్ ఫోన్‌లో అన్నారు. దుమ్ము చేసే నష్టం నెలలో కనబడదు. ఎప్పుడో నీలంపొగ మొదలయ్యాక మీ దగ్గరికి వస్తే, లక్షా ఎనభై వేలు తిరిగిన బండి కదా అని నన్నే తిప్పి పంపుతారు. ఆ మాట రాకముందే ఇప్పుడే రాతపూర్వకంగా పెడుతున్నాను.

ఆ ఆయిల్ మొత్తం దించేసి, సీఐ-4 ప్రమాణం ఉన్న 15డబ్ల్యూ-40 పోయించి, బండి కంపెనీ ఆయిల్ ఫిల్టర్, కొత్త ఎయిర్ ఫిల్టర్ వేయించుకున్నాను. పొద్దుటి చప్పుడు పోయింది. మీరు చేయాల్సింది ఇది: ప్యాకేజీ డబ్బు రూ. 8,640, షెడ్డులో అయిన ఖర్చు రూ. 5,150 వాపసు ఇవ్వండి. మార్చని ఎయిర్ ఫిల్టర్‌కు బిల్లు ఎలా వచ్చిందో విచారించి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మీ సెంటర్‌లో ఇకనుంచి ప్రతి బిల్లు మీద ఆయిల్ గ్రేడు, ప్రమాణం, ఫిల్టర్ పార్ట్ నంబరు రాయించండి, తీసిన పాత సామాను కస్టమర్ చేతికి ఇప్పించండి. ఈ ప్యాకేజీ కింద ఏయే బీఎస్-6 డీజిల్ బండ్లకు ఆ డబ్బా పోశారో చూసి వాళ్లకు ఫోన్లు చేయండి. ఈ పని మాత్రం నా డబ్బు కన్నా ముందు చేయండి.

ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. మీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా, నేను ఉండే ఊర్లోనే కేసు వేసుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది.

మీ ఆయిల్ ఫిల్టర్, తేదీ ఉన్న పాత ఎయిర్ ఫిల్టర్, దించిన ఆయిల్‌లో ఒక లీటరు సీసాలో పోసి నా దగ్గరే ఉంచాను. మీ ఇంజినీరును పంపితే చూపిస్తాను. ఆదివారం తప్ప ఎప్పుడైనా రావచ్చు, ఆ రోజు తోటల్లో ఉంటాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరిచినవి: బిల్లు నకలు, ఆయిల్ డబ్బా ఫోటో, మాన్యువల్ పేజీ, ఎయిర్ ఫిల్టర్ అంచు, పైపులోని మట్టి ఫోటోలు, షెడ్డు రసీదు.