అందం చిట్కాకు కొలతలు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ప్రతి ఆదివారం వచ్చే అందం చిట్కాల గురించి ఈ ఉత్తరం. మా ఇంట్లో సబ్బు కన్నా సున్నిపిండి వాడకమే ఎక్కువ, ఇంట్లో చేసుకునేవాటి మీద నాకు చిన్నచూపేమీ లేదు, అసలు అందుకే రాస్తున్నాను. చిట్కాలు బోలెడు ఇస్తున్నారు కానీ ఎంత కలపాలో, నిజంగా ఎన్నాళ్లు నిలవ ఉంటుందో, ఎవరు వాడకూడదో ఒక్క ముక్క ఉండదు. "కొద్దిగా నిమ్మరసం, చిటికెడు వంటసోడా, తగినంత గ్లిజరిన్" అంటారు. పప్పులో తగినంత ఉప్పంటే రుచి చూసి వేసుకుంటాం, ముఖానికి ఏం చూసి వేసుకోవాలండీ?

నిమ్మరసమే తీసుకోండి. చర్మం పైపొర పీహెచ్, అంటే ఆమ్లగుణం కొలిచే అంకె, దాదాపు 5 ఉంటుంది, నిమ్మరసానిది 2 దగ్గర. పీహెచ్ ఒక్కో అంకె తగ్గితే ఆమ్లగుణం పదింతలవుతుంది, అంటే ఇక్కడ తేడా సుమారు వెయ్యి రెట్లు. వంటసోడా అటువైపు 8 దాటి ఉంటుంది. రెండూ కలిస్తే బుసబుసా పొంగుతుంది కదా, అది చూసి బాగా పనిచేస్తోందనుకుంటాం, ఆ పొంగు వట్టి కార్బన్ డయాక్సైడ్. పైగా నిమ్మ రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి చర్మం కమిలి, ఆ నల్లమచ్చలు నెలల తరబడి పోవు.

సున్నిపిండిలోనూ ఇలాంటి చిక్కు ఒకటుంది. కచ్చూరాలతో పాటు పచారీ కొట్లో అడిగి తెచ్చుకునే బావంచాల గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మానికి ఎండ మరింత గట్టిగా తగిలేలా చేస్తుంది. బొల్లికి వైద్యంలో దాన్ని వాడేది అందుకే, కానీ అక్కడ డాక్టర్లు మందునీ కాంతినీ కొలిచి ఇస్తారు. నలుగు పెట్టుకుని కడిగేసుకునే పిండిలో కాసిన్ని పడటం వేరు, ఆ పొడిని నూనెలో నానబెట్టి ముఖానికి పట్టించి, బట్టలారేయడానికి మిద్దె ఎక్కడం వేరు. రెండోదానికి బొబ్బలెక్కొచ్చు.

సున్నిపిండి నిలవ ఉండేది అందులో తడి లేదు కాబట్టే. పెసలు, శనగపప్పు, గులాబీ రేకులు, కమలా తొక్కలు, కస్తూరి పసుపు గలగలలాడేలా ఎండాక మర పట్టిస్తాం, స్నానానికి వెళ్లేముందు కావలసినంతే తడుపుకుంటాం. ఎవరికి తగ్గట్టు వాళ్లు మార్చుకోవడమూ తేలికే. జిడ్డు చర్మమైతే శనగపిండి వాటా పెంచి నీళ్లతో, పొడిబారే చర్మమైతే పెసరపిండి ఎక్కువేసి మీగడతో. పసిపిల్లలకైతే నేను బావంచాలు అసలు వేయను, పిండి రెండుసార్లు జల్లిస్తాను.

మీరేమో కలబంద గుజ్జు, రోజ్‌వాటర్, బియ్యం కడిగిన నీళ్లు కలిపి సీసాలో పోసి నెల రోజులు వాడమంటారు! అందులో క్రిములు పెరగడానికి నెల అక్కర్లేదు. ఫ్రిజ్ వాటిని నెమ్మదింపజేస్తుందే కానీ చంపదు. విటమిన్ ఇ క్యాప్సూల్ పిండితే పాడవదని కూడా రాశారు, అది నూనె కనరు వాసన రాకుండా కొంత కాపాడుతుందంతే, బ్యాక్టీరియా జోలికి పోదు. కలబంద ఆకు కోశాక కాసేపు నిలబెట్టి ఆ పసుపు రసం కారిపోనివ్వాలని, లేకపోతే దురద పెడుతుందని ఒక్కసారైనా వేశారా? జింక్ ఆక్సైడ్ పొడిని కొబ్బరినూనెలో కలిపి సన్‌స్క్రీన్ అనడం ఇంకా ఘోరం, పొడి ఒకచోట ముద్దగా, ఒకచోట ఖాళీగా ఉండిపోతుంది, ఎంత ఎండ ఆపుతుందో ఎవరికీ తెలియదు.

డాక్టర్ చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు కొని ముఖాలు పాడుచేసుకున్నవాళ్లను చూసి జనం వంటింటి వైపు వస్తున్నారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. అలా వచ్చినవాళ్లకు చిట్కా పక్కనే కొలత, నిలవ ఉండే గడువు, మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు ఆగి చూడమనే మాట వేయండి. అచ్చుకు ముందు ఒక చర్మ డాక్టర్‌కు చూపించండి. సినిమా పేజీలో ఒక ఫొటో తగ్గిస్తే చోటు సరిపోతుంది.

మొటిమల మీద టూత్‌పేస్ట్ రాసే ఆ చిట్కాను మాత్రం దయచేసి ఇక వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి