కార్యదర్శి వార్షిక నివేదిక: ఉగాది, బతుకమ్మ, ఈసారి ఐస్ హాకీ కూడా

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర, బూరెలు వండిన అక్కయ్యలకు, గడ్డకట్టే చలిలో పార్కింగ్ చూసిన కుర్రాళ్లకు, మైకు సెట్టు అరువిచ్చిన గుడి కమిటీవారికి ధన్యవాదాలు. ఫొటోలు అందరూ చూశారు కనుక అంతటితో ఆపుతాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది ఫిబ్రవరిలో జరిపిన ప్రెయిరీ (పశ్చిమ కెనడా మైదానాల) ఐస్ హాకీ చరిత్ర సాయంత్రం. తెలుగు సంఘానికి హాకీ ఎందుకని కార్యవర్గంలోనే కొందరు గొణిగారు. రానివాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ సాయంత్రం చెప్పుకున్నది సీనియర్ హాకీ గురించి. అంటే ముసలివాళ్ల ఆట కాదు, జూనియర్ వయసు దాటినవాళ్ల ఆట. పగలు పొలంలోనో, ధాన్యం నిలవచేసే ఎలివేటర్‌లోనో, బ్యాంకులోనో పని, రాత్రికి స్కేట్లు. కెనడా హాకీలో పేరున్న స్టాన్లీ కప్పు జీతం తీసుకుని ఆడేవాళ్ల చేతికి పోయాక, ఔత్సాహికుల కోసం మాంట్రియల్‌కు చెందిన మాంటేగ్ అలన్ 1908లో ఇచ్చిందే అలన్ కప్పు. 1914లో దాన్ని ప్రెయిరీ జట్టు రెజీనా విక్టోరియాస్ గెలిచింది.

అందరినీ కట్టిపడేసింది మాత్రం విన్నిపెగ్ నగరపు ఫాల్కన్స్ జట్టు కథ. ఒక్కడు తప్ప ఆటగాళ్లంతా ఐస్‌లాండ్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలే. ఒకే సమాజంలో రెండు క్లబ్బులు పోటీపడి చివరికి కలిస్తే పుట్టిన జట్టు అది. (హాల్లో నవ్వులు ఎందుకు వినిపించాయో వేరే చెప్పనక్కర్లేదు.) మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. మిగిలినవాళ్లు వచ్చి ఆడదామంటే నగరంలోని సీనియర్ లీగు చేర్చుకోలేదు. బ్రాండన్, సెల్కిర్క్ జట్లతో కలిసి వేరే లీగు పెట్టుకుని, ఆ నగర లీగు జట్టునే ఓడించి, 1920లో అలన్ కప్పు కొట్టారు. అటునుంచి అటే ఓడెక్కి ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కు వెళ్లి, స్వీడన్‌ను 12–1తో చిత్తుచేసి, హాకీలో మొట్టమొదటి బంగారు పతకం తెచ్చారు.

మిగతా ప్రెయిరీ జట్లలో 1934లో సాస్కటూన్ క్వేకర్స్, 1951లో లెత్‌బ్రిడ్జ్ మేపుల్ లీఫ్స్ ప్రపంచ విజేతలయ్యాయి. కార్ల డీలరు డబ్బుతో నడిచిన ఎడ్మంటన్ మెర్క్యురీస్ 1952లో ఓస్లోలో ఒలింపిక్ బంగారం గెలిచింది. కెనడా పురుషులకు ఆ తర్వాతి బంగారం 2002లోనే. 1966లో బొగ్గు గనుల ఊరు డ్రమ్‌హెల్లర్‌కు అలన్ కప్పు దక్కింది.

తర్వాత ఆట ఎందుకు తగ్గిందంటే, ఇంట్లోకి టీవీ వచ్చి శనివారం రాత్రి జీతగాళ్ల పెద్ద లీగు ఆట చూపించింది. ట్రాక్టర్లు పెరిగి కమతాలు కలిసిపోయాయి, చిన్న ఊళ్లకు వెళ్లే రైలు మార్గాలు మూతపడ్డాయి, పిల్లలు నగరాలకు వెళ్లిపోయారు. అయినా దాదాపు వెయ్యి మంది ఉండే ఆల్బర్టా ఊరు బెంట్లీ 2009లో, 2013లో అలన్ కప్పు గెలిచింది. అలాంటి ఊళ్లలో టికెట్లు కోసేదీ, క్యాంటీన్‌లో కాఫీ పోసేదీ, మంచు చదును చేసేదీ ఊరివాళ్లే.

మన దగ్గరో? కుర్చీలు వేయడానికి పేర్లిచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. వాట్సాప్‌లో బొటనవేళ్లకు మాత్రం కొదవ లేదు. పిల్లలకు స్కేటింగ్ నేర్పడానికి రింక్ (మంచు మైదానం) వాడుకునే గంటలు అడుగుతూ అధికారులకు రాసిన ఉత్తరాలకు ఇంతవరకు జవాబు లేదు. ఈ విషయం తెలిసి, తన పాత జెర్సీలతో వచ్చి, రాత్రి దాకా కబుర్లు చెప్పి, పిల్లలకు కర్ర పట్టుకోవడం నేర్పిన ఊరి పెద్దాయనకు సంఘం తరఫున శాలువా కప్పాం. ఆయన గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నారు.

లెక్కలు కోశాధికారి విడిగా జతచేశారు. స్వల్ప మిగులు ఉంది. చందా బాకీలున్నవారికి అవి ఎవరివో తెలుసు.

కొత్త కార్యవర్గానికి నామినేషన్లు సభలోనే తీసుకుంటాం. హాలు తాళాల రెండో జత ఎవరి దగ్గరుందో వారు దయచేసి ఆ రోజు తెచ్చివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి