జర్మన్‌ని తిట్టే ముందు ఒక్క మాట

ఒరేయ్ సూరీ,

నీ మెసేజ్ చదివి కడుపుబ్బా నవ్వాను. జర్మన్‌లో ఫోర్కు ఆడదట, స్పూను మగాడట, చాకు రెండూ కాదట, అన్నం తినాలన్నా జాతకాలు చూడాలా అని ఏడ్చావు. పైగా అమ్మాయిని పట్టుకుని నపుంసక లింగంలో వేశారని మండిపడ్డావు. ఆ కోపం చూసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పెద్దదే, తీరిగ్గా చదువు.

అమ్మాయికి వాళ్ల మాట మేట్‌షెన్, దాని సంగతి సింపుల్ రా. చివరన "షెన్" ఉంది చూశావూ, అది చిన్నవాటికి తగిలించే ప్రత్యయం. అది ఏ మాటకి తగులుకున్నా "డాస్" గుంపులోకి, అంటే నపుంసక లింగంలోకి పోవాల్సిందే. అమ్మాయా, అబ్బాయా అని చూసుకోదు.

అయినా వాళ్లని అనడానికి మనకేం మొహం ఉంది? "అక్క వచ్చింది", "గేదె వచ్చింది", "బస్సు వచ్చింది". మూడింటికీ ఒకే క్రియ. బావ మాత్రం దర్జాగా "వచ్చాడు". పక్కన తమిళం వాళ్లు వందాన్, వందాళ్, వందదు అని ముగ్గురినీ విడివిడిగా పెట్టుకున్నారు. కన్నడిగులూ అంతే. మనమే అక్కని బస్సు పక్కన నిలబెట్టాం. ఇంకా తమాషా ఏంటంటే, అక్కలు నలుగురు కలిసి వస్తే "వచ్చారు", గేదెలు నాలుగొస్తే "వచ్చాయి". ఒక్కత్తే ఉంటే బస్సుతో జమ, గుంపుగా వస్తే మనుషుల్లో జమ! జర్మనీ వాడెవడైనా తెలుగు నేర్చుకుంటే మనల్ని ఏమని తిట్టుకుంటాడో.

ఆడామగా గొడవే వద్దనుకుంటే తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలి ఉంది. కానీ అక్కడ నామవాచకాలకి పదికి పైగా వర్గాలు. "కిటాబు కిజూరి కిమెఆంగుక" అంటే మంచి పుస్తకం కింద పడింది. పుస్తకాలు పడితే "విటాబు విజూరి విమెఆంగుక". పుస్తకం మారితే విశేషణం, క్రియ కూడా తల మార్చుకోవాలి. అసలు కిటాబు అరబ్బీ నుంచి వచ్చిన మాట. అందులో "కి" మాటలో భాగమే, ఉపసర్గ కాదు. స్వాహిలి వాళ్లు దాన్ని తమ "కి" అనుకుని, బహువచనంలో తీసేసి "వి" పెట్టేశారు. నాకు భలే నచ్చిన దొంగతనం ఇది.

ఇక నీ టర్కీ రూమ్మేట్. వాడి భాషలో లింగమే లేదు. "ఓ" అంటే అతనూ, ఆమే, అదీ. అదృష్టవంతుడు అనుకోకు, వాడి తిప్పలు వాడివి. "వచ్చాడు" అనాలంటే రెండు దార్లు: తనకి నేరుగా తెలిస్తే "గెల్ది", ఎవరో చెబితేనో ఆనవాళ్లు చూసి ఊహిస్తేనో "గెల్మిష్". ఆ మిష్‌కి మన "అట" దగ్గరి చుట్టంలా ఉంటుంది. "రాలేకపోయాడట" అని మనం ఒక్క మాటలో తేల్చేదాన్ని వాడూ "గెలెమెమిష్" అని ఒక్క మాటలోనే అంటాడు. రా, లేక, అట, అన్నీ అదే వరసలో ఒకదాని తోక పట్టుకుని ఒకటి. రెండు భాషలకీ చుట్టరికం ఉందని ఎవరూ నిరూపించలేదు. అదే మాటకి జర్మన్‌లో నువ్వు అరడజను మాటలు పేర్చాలి.

తేడా ఒక్కటే: మనం "అట" ఎగ్గొట్టినా అడిగేవాడు లేడు, వాడు మాత్రం రెంట్లో ఒకటి ఎంచుకుని తీరాలి. రోమన్ యాకబ్‌సన్ అనే భాషావేత్త 1959లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. ఏదైనా చెప్పడానికి ఏ భాషకీ అడ్డులేదు, అసలు తేడా తప్పనిసరిగా ఏం చెప్పించుకుంటుందన్న దాంట్లోనే ఉంది అన్నాడు. చైనీస్‌లో క్రియకి కాలం తగిలించక్కర్లేదు, "నిన్న" అంటే సరిపోతుంది. జర్మన్ "వియా"లో మనమో మేమో తేలదు. మనకైతే ఎదుటివాణ్ణి కలుపుకున్నామో లేదో తేల్చందే నోరు పెగలదు.

టర్కీ వాడిది ఏపాటి? కొలంబియా, బ్రెజిల్ సరిహద్దు అడవుల్లో తుయూకా అనే భాష ఉంది. అక్కడ "వాడు ఫుట్‌బాల్ ఆడాడు" అనడానికి ఐదు తోకలు: కళ్లారా చూశాను, చప్పుడు విన్నాను, ఆనవాళ్లు కనపడ్డాయి, ఎవరో చెప్పారు, ఆడే ఉంటాడు. ఏదో ఒకటి పెట్టకుండా వాక్యం ముగియదు. మన ఊరి రచ్చబండ మీద ఈ రూలు పెడితే సగం కబుర్లు గొంతులోనే ఆగిపోతాయి.

సరే గానీ, రాత్రి సినిమా చూస్తూ నీ రూమ్మేట్ సోఫాలో నిద్రపోతాడు అన్నావుగా. ఈసారి లేచాక ఏమంటాడో విను. "ఉయుముషుమ్" అంటాడు, చూసుకో. నిద్రపోవడం తనకే తెలియలేదు కాబట్టి తన గురించి తనే మిష్ పెట్టుకుంటాడు. మనం "నిద్రపోయానట" అంటే పక్కన ఇంకెవడో చాడీ చెప్పాడని అర్థం. ఎప్పుడెప్పుడు అలా అంటాడో కాస్త కనిపెట్టి రాయి, ఆలస్యం చెయ్యకు.

నీ
రాఘవ